పరిశోధనకు మాత్రమే

కరెంటు పోయి పంతొమ్మిది గంటలు.
తుపాను ఒడిశా వైపు మళ్ళిపోయింది గానీ
సిరిపురం రోడ్డు మీద ఇంకా
చెట్ల వేళ్ళు ఆకాశం కేసి చూస్తున్నాయి.
జనరేటర్‌కి డీజిల్ లేదు.
ఫ్రీజర్ తలుపు మీద ఎర్ర అంకె
మైనస్ ఎనభై నుంచి నలభై, ముప్పై, పదకొండు,
ఒక్కో మెట్టూ దిగి వస్తోంది
డ్యూటీ దిగిన మనిషిలా, తాపీగా.
సారు ఫోనులో ఒకే మాట అన్నారు:
"ఆ నాలుగు గొట్టాలు, సువర్చలా. మిగతావి పోతే పోనీ."

నాలుగు గొట్టాలు. పదకొండు నెలలు.
మన పేగుల్లో బతికే బాక్టీరియాకి
మనిషి జన్యువొకటి అప్పగించి,
పాలకి తోడు వేసినట్టు ఫ్లాస్కులో వేసి,
రాత్రంతా షేకర్ మీద ఊపి,
అది ఉండలు చుట్టి దాచుకున్నదాన్ని
కరిగించి, విప్పి, మళ్ళీ ఓపిగ్గా మడతపెట్టించి
పిండుకున్న నాలుగు చుక్కలు.

థర్మోకోల్ పెట్టె స్కూటీకి కట్టుకుని
ఫిషింగ్ హార్బర్‌కి పోయాను.
వేటకి వెళ్ళని పడవల ఐసంతా
ఊక కింద, గోనెల కింద మిగిలిపోయింది.
దానికి కాపలా చోడిపల్లి కాశమ్మ,
ఎడంకాలు బారజాపుకుని
తెగిన వలకి ముడులేస్తోంది.

"ఏటి పాపా అందులో, సేపపిల్లలా?"
"కాదమ్మా. ప్రోటీను."
"ఏటి సేత్తాది?"
ఎలా చెప్పను.
"చర్మానికి ఒక కబురు చెప్తుంది. పెరుగు, అని."
"పెరుగా!"
వల ఒళ్ళో పడేసుకుని నవ్వింది.
"ఆవుదా, గేదెదా?"
"మనిషిదే," అన్నాను.

యాభైమూడు పూసల దండ అది.
మూడు ముళ్ళు పడాలి, పడాల్సిన పూసల మధ్యే.
ముడి తప్పితే దండ ఉంటుంది, మాట ఉండదు.
ఇది మాత్రం ఆమెకి వెంటనే అర్థమైంది.
వలని ఎత్తి చూపించింది:
"దీనికీ అంతే. ముడి తప్పితే సేప నవ్వుకుంతాది."

లేచి గోనె తీసి పారతో ఐసు తోడుతుంటే చూశాను
ఆ ఎడంకాలు. పాలిథిన్ సంచి, లోపల చీరపేలిక,
చిటికెనవేలు ఉండాల్సిన చోట ఏమీ లేదు.
"సుగరు," అంది. "ఎనిమిది నెల్లు.
కేజీహెచ్‌లో ఏలు తీసేశారు. పుండు ఆరదు."
తర్వాత గొట్టాల కేసి చూసింది.

అడగలేదు.
అడిగుంటే బాగుండేది. కాదని చెప్పడం నాకు నేర్పారు:
ఎలుక కావాలి, కుందేలు కావాలి, అనుమతి కావాలి,
ఏళ్ళు కావాలి.
అడక్కుండా, గొట్టం మీది చీటీని వేలితో తట్టి
"ఏటి రాసుంది?" అంది.

నా చేతిరాతే.
పరిశోధనకు మాత్రమే. మనుషులకు వాడరాదు.
నేను తారీఖు చదివాను.

ఐసుకి నలభై అంది. నా దగ్గర చిల్లర లేదు.
"మల్లీ ఇద్దువులే."

మూడో రోజు కరెంటొచ్చింది. ముళ్ళు ఊడలేదు.
పళ్ళెంలో పరుచుకున్న చర్మకణాల నడుమ
పిపెట్ మొనతో ఒక గీత గీకి
నాలుగో గొట్టంలోంచి ఒక్క చుక్క వేశాను.
మర్నాటి ఉదయానికి గీత రెండు ఒడ్లూ
ఒకదాని వైపొకటి జరుగుతూ జరుగుతూ
కలిసిపోయాయి. ఎంత అందంగా పూడిందని!
ఎవరి చర్మమో అది. కాలు లేని చర్మం.
సారు చప్పట్లు కొట్టారు.

నోటుబుక్కులో, నిల్వ అన్న గడిలో,
"ఐసు, రెండు రోజులు" అని రాశాను.
ఎక్కడి ఐసో రాయడానికి గడి లేదు.
పెట్టెని మూడుసార్లు సబ్బుతో కడిగాను.
మూత తీస్తే ఇప్పటికీ కానాగంతల వాసన.

నలభై రూపాయలు పర్సులో విడిగా మడిచి పెట్టాను.
హార్బర్ ఎంత దూరమని,
ఇవాళ కాదు, రేపు, అనుకుంటూ
ఇది పన్నెండో రోజు.